కనక పేరున ఉన్న ఇల్లు

కనక వేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. పనసపుట్టు రేషన్ డిపో ముందు వానలో నిలబడ్డ జనం బేగి కానీమని వెనక నుంచి విసుక్కుంటున్నారు. కూతురు సోని తల్లి చేయి పట్టుకుని తానే ఆ వేలిని మిషను మీద అదిమింది. ఎంత అదిమినా ఎర్ర లైటే వెలిగింది.

డీలరు రత్నాలు మిషను పక్కన పెట్టేసింది.

"నీకు బియ్యం రావు కనకా. కార్డు తీసేసినారు. నువ్వు ఉన్నోళ్ళలోకి ఎల్లిపోనావు."

కొండ వాలు మీది అద్దాల మేడలో, మూడో అంతస్తులో కనక పేరున ఫ్లాటు ఉందట. అందులో నీళ్ళు కాచే గీజరుందట, చలి కాచుకునే హీటరుందట. మీటరు కనక పేరునే తిరుగుతోందట. అంత కరెంటు కాల్చే మనిషికి సర్కారు బియ్యమెందుకని పైనున్నవాళ్ళు కార్డు కొట్టేశారు. ముసలి పింఛను కూడా అదే దారి పట్టిందని రత్నాలు చెప్పింది.

జనం నవ్వారు. నవ్వరా మరి. సిమెంటు బస్తాతో కుట్టిన సంచి పట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా నిలబడ్డ ముసలిది మేడ గల ఆసామి అంటే ఎవరికి నవ్వు రాదు? పక్కింటి యర్రమ్మ అందరికంటే గట్టిగా నవ్వి, నీ మేడకి మమ్మల్నీ ఓ పూట బువ్వకి పిలుమని కనకను ఎగతాళి చేసింది. ఆ నవ్వు మొహంతోనే ముందుకొచ్చి తన వేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. యర్రమ్మకు రెండో అంతస్తులో ఫ్లాటు ఉంది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పనసపుట్టులో పేరిచ్చిన ప్రతి ఇల్లూ ఆ రోజు ఖాళీ సంచితో వెనక్కి నడిచింది.

పేరివ్వడమేమిటని అడుగుతారు మీరు. చెప్తాను, వినండి. పట్నంలో చదువుకునే పిల్లలూ, సైట్ల మీద రాళ్ళు మోసే అన్నలూ, మీరే ముందు వినాలి. భూమి గుంజుకునేవాడు కర్ర పట్టుకునే రావాలని లేదు. దండం పెట్టుకుంటూ కూడా వస్తాడు.

దేవీప్రసాద్ అలాగే వచ్చాడు. మైదానం నుంచి రోడ్డు కాంట్రాక్టరుగా కొండెక్కినవాడు. పని మొదలైన కొత్తలో మలేరియా తగిలి పడిపోతే, ఊరి పెద్ద మంగ్లు తన ఇంట్లో మంచం వేసి పడుకోబెట్టాడు. మంగ్లు చెల్లెలు కనక గంజి కాచి తాగించింది, వాంతులు ఎత్తిపోసింది. లేచి కూర్చున్నాక దేవీప్రసాద్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నీతో నేస్తం కడతానన్నాడు. మంగ్లు పొంగిపోయాడు.

మా కొండల్లో నేస్తం కట్టడమంటే మాటవరసకు స్నేహితుడా అనుకోవడం కాదు. ఊరి దేవతగా కొలిచే నిసాని రాయి ముందు ఇద్దరూ ఒకే ఆకులో తినాలి. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. నేస్తం అడిగింది లేదనకూడదు. నేస్తం ఇంటికెళితే తలుపు తట్టే పనిలేదు, నేరుగా పొయ్యి దగ్గరికెళ్ళి కుండ మూత తీసి వడ్డించుకుని తినొచ్చు. ఇంట్లో చావొస్తే పీనుగు నోట్లో మొదటి గింజ వేసేది నేస్తమే. వాడు గింజ వేసేటప్పుడు ఇంటివాళ్ళు బయట నిలబడాలి. అన్నదమ్ములు విడిపోతారు గాని నేస్తం విడిపోదు.

ఇదంతా దేవీప్రసాద్ బాగా నేర్చుకున్నాడు. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళు జానెడు నేల కొనకూడదని వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది. లోయ మీద మబ్బులు వాలే చోట ఫ్లాటు కావాలని పట్నం వాళ్ళు ఎగబడుతున్నారు. చట్టానికి వాడు కనిపెట్టిన మందు నేస్తరికం. ఫ్లాటు గిరిజనుల పేరున ఉంటుంది. కొన్నవాడు వాళ్ళకు నేస్తం. నేస్తం ఇంట్లో బతికినన్నాళ్ళు చుట్టంగా ఉంటాడు, తర్వాత వాడి పిల్లలు ఉంటారు. సొంతదారుకు పేరు మిగులుతుంది, తతిమ్మాదంతా కొన్నవాడిది. ఏ అధికారి వచ్చి అడిగినా ఒక్క మాటే చెప్పాలని కొన్నవాళ్ళ చేత వాడు వల్లె వేయించాడు. "నేను ఇక్కడ చుట్టాన్ని. ఇల్లు మా నేస్తానిది."

మంగ్లును వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. భూమి వద్దు, పంట వద్దు, పేరొక్కటి చాలన్నాడు. పేరుకేం పోయింది? నేస్తం అడిగాడు, ఇచ్చారు. కనక కొర్ర చేను మీద మేడ లేస్తుంటే కూడా, నేస్తాలు వచ్చి ఉంటారు, పోతారు, నేల ఎక్కడికి పోతుందనుకున్నారు. మోసపోయారని వాళ్ళను తిట్టకండి. మాటను మాటగా నమ్మడం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది, అది కనిపెట్టినవాడు లంజాకొడుకు.

సోని ఆ మేడలోనే పని చేస్తుంది. దుప్పట్లు ఉతుకుతుంది, గదులు తుడుస్తుంది. తల్లి పేరున ఉన్న ఫ్లాటు తుడిచేదీ ఆమే. అందులో ఉండేది ఫిలిప్పు. టైడాలో రైలు పట్టాల మీద గ్యాంగుమనిషిగా పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి వస్తూ సోని పిల్లకు బిస్కెట్లు తెస్తాడు. ఫ్లాటు కొన్న రోజు గుడారం వేసి, ధింసా ఆడించి, కనకతో ఒకే ఆకులో తినిపించి ఫొటోలు తీశారు. ఆ రోజు నుంచి సోని అతన్ని నేస్తమయ్యా అనే పిలుస్తుంది.

కార్డు పోయిందని సోని అతనికే ముందు చెప్పింది. మీటరు నీ పేరుకు మార్చుకో నేస్తమయ్యా, మా అమ్మకు బియ్యం వస్తాయని అడిగింది. ఫిలిప్పు లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"నా పేరు ఎక్కడా కనబడకూడదమ్మా. కనబడితే నన్ను దించేస్తారు. నా రిటైర్మెంటు అంతా దీన్లోనే పోశాను. నాకు ఇంకో గూడు లేదు."

అది అబద్ధం కాదు. రైలు వాళ్ళ క్వార్టర్లలో బతుకంతా గడిపినవాడికి ముసలితనంలో సొంత గోడ కావాలనిపించడం తప్పు కాదు. కానీ ఆ గోడ కనక కంచంలోంచి లేచింది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఆ రోజు సోనికి రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఎక్కువిచ్చాడు.

అర్జీలు పెట్టారు. అధికారి వస్తాడన్నారు, రాలేదు. ఆషాఢం వానలు పట్టాయి. కొర్రలు అయిపోయాయి. బియ్యం లేని ఇళ్ళలో ఆడవాళ్ళు అటక మీది మామిడి టెంకలు దించారు. వేసవిలో ఎండబెట్టి దాచిన టెంకల పప్పు దంచి, ఏట్లో నానబెట్టి చేదు తీసి, అంబలి కాచుకోవడం కరువు కాలపు తిండి. కానీ ఈసారి వాన చెమ్మకు టెంకలు బూజు పట్టాయి. బూజు పట్టిందని కనకకు తెలుసు. తెలిసి, మనవరాలికి తన వాటా గంజి పోసి, ఆ అంబలి తాను తాగింది.

తెల్లారేసరికి వాంతులు. మంచం మీది నుంచి లేవలేకపోయింది. ఊరిలో ఫోన్ సిగ్నల్ లేదు. సోని వానలో మేడ దాకా పరుగెత్తింది. ఫిలిప్పు టీ తాగుతున్నాడు. సంగతి విని చొక్కా వేసుకున్నాడు, కారు తాళాలు తీసుకున్నాడు. అక్కడ ఆగాడు. ఊరివాళ్ళ గొడవల్లో తలదూర్చొద్దని దేవీప్రసాద్ అందరికీ గట్టిగా చెప్పి ఉన్నాడు. ముసలిది కారులో పోతే కేసవుతుందేమో.

"ఒక్క మాట ప్రసాద్ గారికి చెప్పి వస్తానమ్మా. ఒక్క నిమిషం."

ఫోన్ కలవలేదు. బాల్కనీలోకి వెళ్ళి చేశాడు, వంటగదిలోకి వచ్చి చేశాడు. సోని గుమ్మం బయటే నిలబడింది. కాళ్ళకు బురద ఉంది, లోపల నిన్న తాను తుడిచిన గచ్చు ఉంది. అతను మూడో గదిలోకి వెళ్ళేసరికి ఆమె ఇంక ఆగలేక వెనక్కి పరుగెత్తింది.

డోలీ కట్టి మోశారు. మేడ గేటు దాటిన మొదటి మలుపులో కనక పోయింది. వాళ్ళు డోలీ దించి నిలబడ్డప్పుడు ఫిలిప్పు గేటు దగ్గరకొచ్చాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

సోని ఏడవలేదని తర్వాత కొందరన్నారు. అబద్ధం. ఆ మలుపులో రోడ్డు మీద పడి మట్టి గోకుతూ ఏడ్చింది. చూడనివాళ్ళు అలాగే అంటారు.

మధ్యాహ్నానికి దేవీప్రసాద్ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గుప్పెడు బియ్యం. మంగ్లును కావలించుకుని, నేస్తం ఇంట్లో చావొచ్చింది, మొదటి గింజ నేను వెయ్యాలన్నాడు. మంగ్లు కళ్ళు తుడుచుకుని అందరినీ బయటికి పంపాడు. ఆచారం ప్రకారం సోని కూడా బయట నిలబడింది. లోపల దేవీప్రసాద్, వాడి గుమాస్తా. కాసేపటికి బయటికొచ్చి, దండం పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయారు.

పీనుగుకు స్నానం చేయించేటప్పుడు యర్రమ్మ దాని ఎడమ చేయి ఎత్తి పట్టుకుని సోనిని పిలిచింది. కనక బొటనవేలి నిండా నీలం సిరా.

చచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయించుకుపోయారు. సొంతదారు చస్తే వారసురాలు అడ్డం తిరగొచ్చు కదా, బతికుండగానే మొత్తం ఒప్పుకున్నట్టు పాత తారీఖుతో కాగితం కావాలి కదా. నోట్లో గింజ వేస్తానని వచ్చి వేలు పట్టుకున్నాడు. సోని తల్లి నోరు తెరిచి చూసింది. గింజ కూడా లేదు.

యర్రమ్మ సబ్బు తీసుకుని సిరా కడగబోయింది. సోని ఆపింది.

"కడక్కు పిన్నీ. అలగే ఉండనీ."

నిసాని రాయి దగ్గర ఊరు ఊరంతా కూర్చుంది. గిరిజన సంఘం నుంచి ఫల్గుణ కూడా వచ్చాడు. గూడెం కొత్తవీధి వైపు కాఫీ రైతు కొడుకు, ఈ కొండల్లో భూమి తగాదా ఎక్కడుంటే అక్కడ ఉండే మనిషి. శవాన్ని పోస్టుమార్టంకి పంపి, వేలిముద్ర మీద కేసు పెడదామన్నాడు. కుర్రవాళ్ళు మేడ తగలబెడదామన్నారు. కార్డు పోనివాళ్ళు, మాకెందుకు ఈ గొడవ, రేపు మా కార్డు కూడా పీకితే ఏటి సేస్తామని లేచి వెళ్ళబోయారు. యర్రమ్మ వాళ్ళ దారికి అడ్డం నిలబడి, డిపో కాడ నానూ నవ్వినాను, నవ్వినాక నా వంతు వచ్చినాదని చెప్పింది. వాళ్ళు కూర్చున్నారు.

అందరి చూపూ మంగ్లు మీదకు తిరిగింది. చివరికి లేచి, వాణ్ణి ఇంటికి తెచ్చింది నేను, ఇల్లిల్లూ తిప్పింది నేను, నన్ను ఊరి నుంచి వెలేయండన్నాడు. కానీ నేస్తరికం తెంపే దారి మాత్రం తాతల నాటి నుంచి లేదని, అది తెంపినవాడికి నిసాని దేవత నీళ్ళు కూడా పుట్టనివ్వదని ఏడ్చాడు. ముసలివాళ్ళు తలూపారు. ఫల్గుణ చిరాకు పడ్డాడు. ఇంకా వాడితో నేస్తమేమిటని గొంతు పెంచాడు. ఊరు రెండుగా చీలేటట్టు కనబడింది.

అప్పుడు సోని లేచింది. మనుషుల్లో నిలబడి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు.

"తెంపొద్దు మామా. నేస్తరికం నువ్వు సెప్పినట్టే సేద్దాం. నేస్తం ఇంటికి తలుపు తట్టకుండా ఎల్లొచ్చు. కుండ మూత తీసి తినొచ్చు. ఆళ్ళు ఇన్నేళ్ళు మనింటికి ఒచ్చినారు. మనం ఒక్క పాలి కూడా ఆళ్ళింటికి ఎల్లలేదు."

సోని మేడ వైపు చెయ్యి చూపించింది.

"మాయమ్మకి ఇల్లుందన్నారు. ఇల్లున్న మనిషి సొంతింట్లోంచి కదా లేవాల. అమ్మని దానింటికి తీసికెల్దాం."

మంగ్లు కండువా నడుముకు బిగించి, పాడె కట్టండర్రా అన్నాడు. ఫల్గుణకు చప్పున వెలిగింది. చట్టం ప్రకారం చూసినా అంతే. ఇల్లు మనదంటే మనల్ని ఎవడూ గెంటలేడు, మనది కాదంటే వాళ్ళు కొన్నదంతా దొంగకొనుగోలు, ఏదో ఒకటి వాళ్ళు తమ నోటితో చెప్పి తీరాలి. అతను అందరికీ ఇదే విడమరిచి చెప్పాడు. ఒక్కొక్కరు తమ పొయ్యిలోంచి కొరివి, తమ కుండ, కొంచెం నూక పట్టుకున్నారు. నూక లేనివాళ్ళు టెంకలు పట్టుకున్నారు.

పొద్దు వాలకముందే బయలుదేరారు. శుక్రవారం సంతకు వచ్చిన పక్క ఊళ్ళ వాళ్ళు పాడె చూసి కలిశారు. ఎవరు పోయారని అడిగినవాళ్ళకు యర్రమ్మ, మూడో అంతస్తు ఆసామి పోయిందని చెప్తూ నడిచింది. ఆ మాట ముందు నుంచి వెనక్కి పాకింది. గేటు దగ్గరకు వచ్చేసరికి జనం రోడ్డు పట్టలేదు.

గేటు కాపలా ధనుంజయ్‌ది. హుకుంపేట కుర్రవాడు, మన కొండల వాడే. గేటు తీస్తే ఉద్యోగం పోతుంది. లాఠీ పట్టుకుని పాడె వైపు చూశాడు. బట్ట బయట వేలాడుతున్న నీలం వేలు చూశాడు. ఈ ఊరిలో అతని మేనత్త పేరున కూడా ఒక ఫ్లాటు ఉంది. లాఠీ గోడకు ఆనించి తాళం తీశాడు.

పాడె లిఫ్టులో పట్టదు. మెట్ల మీదుగా ఎత్తారు. సోని రోజూ తుడిచే మెట్లు. బురద కాళ్ళు, వానకు తడిసిన చీరలు, కొరివి పొగ. ఎవరి పేరున ఉన్న తలుపు దగ్గర వాళ్ళు ఆగిపోయారు. తట్టలేదు. తీసి లోపలికి నడిచారు. తలుపు వేసుకున్నవాళ్ళ గుమ్మంలోనే రాళ్ళు పేర్చి పొయ్యి రాజేశారు. సెలవులకు వచ్చిన పట్నం వాళ్ళు కేకలేశారు, వీడియోలు తీశారు, మీకు సిగ్గులేదా అన్నారు. యర్రమ్మ ఒక సోఫా మీద కూర్చుని, నానే మీ నేస్తాన్ని, మరిసిపోనారా అంది.

ఫిలిప్పు తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సోని ఈసారి గుమ్మం బయట ఆగలేదు.

"నేస్తమయ్యా, అమ్మ ఇంటికొచ్చినాది."

అతను పక్కకు తప్పుకున్నాడు. నిన్న తుడిచిన గచ్చు మీద కనకను పడుకోబెట్టారు. బతికుండగా ఒక్కసారి కూడా ఆమె ఆ గదిలోకి రాలేదు. కిటికీలోంచి ఒకప్పటి ఆమె చేను కనబడుతోంది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు.

దేవీప్రసాద్ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్క వ్యాను కాదు. సీఐ మెట్లెక్కి నేరుగా ఆ గదికే వచ్చాడు. పీనుగును చూసి ముక్కు మూసుకుని, ఎవడి ఇంట్లో దూరారే మీరని సోని జుట్టు పట్టుకున్నాడు. మంగ్లు అడ్డం వచ్చాడు. లాఠీ అతని చెవి మీద పడింది. నెత్తురు కనక మీద కప్పిన బట్ట మీద కారింది. ఫల్గుణను ఇద్దరు గోడకేసి అదిమారు.

"ఇల్లు ఎవరిదో అడుగు సార్," అన్నాడు ఫల్గుణ, పెదవి చిట్లినా. "అడిగి కొట్టు."

సీఐ దేవీప్రసాద్ వైపు తిరిగాడు. ఫ్లాటు కొన్నవాళ్ళదంటే వాడే జైలుకు పోతాడు. అందుకని ఫిలిప్పును ముందుకు తోసి, మీరు చెప్పండి, మీ ఇంట్లో దూరారని చెప్పండన్నాడు.

గది నిండా జనం. మెట్ల నిండా జనం. ఫిలిప్పు నాది అంటే చట్టం దించేస్తుంది. కాదంటే బతుకంతా పట్టాలు కొట్టి కూడబెట్టింది పోతుంది. కనక బొటనవేలు అతని కాలి పక్కనే ఉంది. అతనికి దేవీప్రసాద్ నేర్పిన మాట ఒక్కటే తెలుసు. భయంతోనే చెప్పాడో, ఇంకెందుకు చెప్పాడో, ఆ దేవుడికే తెలియాలి.

"నేను ఇక్కడ చుట్టాన్ని సార్. ఇల్లు మా నేస్తం కనకది."

దేవీప్రసాద్ ఫిలిప్పు కాలరు పట్టుకున్నాడు. మెట్ల మీది జనం ఆ మాటను పై అంతస్తుకూ కింది అంతస్తుకూ అందించారు. ఇల్లు కనకది. ఇల్లు యర్రమ్మది. ఇల్లు మాది. కొన్నవాళ్ళు ఒక్కరు కూడా కాదనలేకపోయారు. కాదనడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

అయినా పోలీసులు పట్టుకుపోయారు. చట్టం మన వైపు తిరిగిన రోజు లాఠీ మన వైపే తిరుగుతుంది, ఇది గుర్తు పెట్టుకోండి. శవంతో శాంతిభద్రతలకు భంగం కలిగించారట. సోనినీ, మంగ్లునూ, ఫల్గుణనూ ఈడ్చి జీపులో వేశారు. ధనుంజయ్‌ని గేటు దగ్గరే బూటు కాళ్ళతో తొక్కారు. అతని కాలు మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదు. కనకను మాత్రం కదల్చలేకపోయారు. ఆమె చుట్టూ ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య యర్రమ్మ పెద్ద గొంతుతో శోకం అందుకుంది.

జీపు మలుపు తిరిగేటప్పుడు సోని వెనక్కి చూసింది. మేడ బాల్కనీలన్నింటిలోంచీ పొయ్యి పొగ లేస్తోంది. రోడ్డు మీద పక్క ఊళ్ళ వాళ్ళు మేడ వైపే నడుస్తున్నారు. అవతలి కొండ మీద ఇలాంటిదే ఇంకో మేడ కడుతున్నారు, వాళ్ళ పేర్లతో.

స్టేషన్‌లో రైటరు పెన్ను పట్టుకుని పేరు అడిగాడు.

"సోని. కనక కూతుర్ని."

"ఇల్లు ఎక్కడే?"

సోని చెదిరిన జుట్టు ముడేసుకుంది. పెదవి మీది నెత్తురు తుడుచుకుంది.

"అద్దాల మేడ. మూడో అంతస్తు. మాయమ్మ ఇప్పుడు ఆడే ఉన్నాది."

రైటరు పెన్ను ఎత్తి సీఐ వైపు చూశాడు. సీఐ ఫోను అందుకుని పక్కకు తిరిగాడు.

"రాయండి బాబూ," అంది సోని.